ఖాజా భాయ్ కామ్‌షాఫ్ట్, నాగవేణి కుడికాలు

కరోనా తగ్గి మిల్లులు మామూలుగా తిరగడం మొదలైన రెండో ఏడాది, పత్తి సీజను. ఆదోని నుంచి యెమ్మిగనూరు పోయే రోడ్డులో, జిన్నింగు మిల్లులు దాటాక ఎడమవైపు నా షెడ్డు. ఆ రోజుల్లో అక్కడ గాలిలో ఎప్పుడూ సన్నటి నూగు తేలుతూ ఉంటుంది. పొద్దున ఎండ ఏటవాలుగా పడినప్పుడు షెడ్డంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపిస్తుంది. చూడటానికి బాగుంటుంది కానీ నా పనికి అది శత్రువు. గేర్‌బాక్స్ విప్పి ఉంచితే దాని మీద తడిగుడ్డ కప్పాలి.

నా పేరు ఏసేపు. మాది గోనెగండ్ల దగ్గర పల్లె, కూలి పని చేసుకునే ఇల్లు. ఇరవై రెండేళ్ళప్పుడు గల్ఫ్ పోయి, ఒక పఠాన్ ఉస్తాద్ దగ్గర పదహారేళ్ళు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పి బిగించాను. తిరిగి వచ్చి షెడ్డు పెట్టినప్పుడు ఈ వైపు ఆటోమేటిక్ బండ్లు లేవు. ట్రాక్టర్లు, జీపులు బాగుచేశాను. తర్వాత మెల్లగా వచ్చాయి. ఇప్పుడు బళ్ళారి నుంచి కూడా నా దగ్గరికి తెస్తారు.

నాగవేణి కారును నేను ముందు చూడలేదు, విన్నాను. మధ్యాహ్నం భోజనం చేసి నులక మంచం మీద ఒరిగి ఉన్నాను. దూరం నుంచి ఒక శబ్దం వచ్చింది. గుర్రం ఒక కాలు ఎత్తి ఎత్తి వేస్తున్నట్టు, ఆగి ఆగి, బరువుగా. కళ్ళు తెరవకుండానే అనుకున్నాను, ఇది పెద్ద కామ్ వేసిన ఇంజను, ఈ ఊరిది కాదు అని. శబ్దం షెడ్డు ముందుకు వచ్చి, ఒక్కసారి దగ్గి, ఆగిపోయింది.

జపాన్ నుంచి ఎప్పుడో వచ్చిన పాత కారు అది. ఆరు సిలిండర్లు, వెనక చక్రాలు లాగే బండి, నాలుగు గేర్ల ఆటోమేటిక్. రంగు వెలిసిన నీలం. డ్రైవరు సీటులో ముప్పై అయిదేళ్ళ లోపు ఆమె, పక్కన ఒక ముసలాయన, వెనక సీటునిండా చీరల మూటలు.

"ఏసేపన్న అంటే నువ్వేనా అన్నా," అంది దిగుతూ. తలుపు పట్టుకుని, ఎడమ మోకాలి మీద చేయి ఆనించి దిగింది. ఆ కాలు సన్నగా ఉంది. చిన్నప్పటి పోలియో. "యెమ్మిగనూరు నుంచి వచ్చినాం. గేరుబాక్సు పోయినట్టుండాది. డ్రైవులో ఏస్తే బండి సచ్చిపోతాంది."

ఆమె పేరు నాగవేణి. నేతగాళ్ళ ఇల్లు. పక్కనున్నాయన తండ్రి ఈరన్న. మోకాళ్ళు నొచ్చి ఆయన మగ్గం గుంటలోకి దిగడం మానేశాక, కూతురే మిగతా ఇళ్ళ చీరలు కూడా తీసుకుని సంతలకు, ఊళ్ళకు తిప్పి అమ్ముతోంది. కారు బళ్ళారిలో ఆమె మేనమామ షెడ్డులో టార్పాలిన్ కింద ఏళ్ళ తరబడి పడి ఉండేదట. క్లచ్ లేని బండి కాబట్టి ఒక్క కాలితో నడపవచ్చని ఆయన ఆమెకు నేర్పించాడు.

"సంతలకు పోయే బండికి ఇంత కామ్ ఎందుకమ్మా వేయించినావు?" అని అడిగాను.

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన రోడ్డు వైపు చూశాడు.

"పందెం ఉండాదన్నా," అంది. "బెంగళూరు అవతల, ముందు ఇమానాలు దిగే పాత పట్టీ మీద. డ్రాగ్ రేసంటారు. రెండు బండ్లు పక్కపక్కన నిలబెట్టి లైటు పచ్చగా అయితే వదులుతారు. పావుమైలు. అంతే. ఇంకా నెల దినాలుండాది."

నేను నవ్వలేదు, కానీ నవ్వబోయానని ఆమెకు అర్థమైనట్టుంది.

"ఇస్కూల్లో పరుగుపందెం పెట్టినప్పుడల్లా నన్ను గీత పక్కన కూర్సోబెట్టి అందరి చెప్పులు కాయమనేటోళ్ళు," అంది మామూలు గొంతుతో, వాతావరణం గురించి చెబుతున్నట్టు. "గెలవాలని లేదన్నా నాకు. గెలిసేటోళ్ళు యా బండ్లు తెస్తారో తెల్సు. బయలుదేరేటప్పుడు మాత్రం పక్కోళ్ళతో పాటు బయలుదేరాల. ఇప్పుడీ బండి పచ్చలైటు పడినాక ఒకటి, రెండు అని లెక్కబెట్టేంతసేపు ఆడనే నిలబడతాంది. మళ్ళా ఆడనే నేను."

ఇక్కడ పని గురించి కొంచెం చెప్పాలి.

మామూలు బండిలో ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్ ఉంటుంది. ఆటోమేటిక్‌లో ఆ చోట టార్క్ కన్వర్టర్ ఉంటుంది. గుమ్మడికాయంత ఇనుప డబ్బా, లోపల నూనె, ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు. మొదటిదాన్ని ఇంజను తిప్పుతుంది. అది విసిరిన నూనె తగిలి రెండోది తిరుగుతుంది, రెండోది చక్రాలను తిప్పుతుంది. మా ఉస్తాద్ నాకు మొదటి రోజు రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇచ్చాడు. కరెంటు లేనిది కూడా మెల్లగా, నిద్రలో లేచినట్టు, తిరగడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా కన్వర్టర్ విప్పిన ప్రతిసారీ నాకు ఆ ఫ్యానే గుర్తొస్తుంది.

బండిని బ్రేకుతో కదలకుండా పట్టి, డ్రైవులో వేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజను వేగం ఒక అంకె దగ్గరకు వెళ్ళి ఆగిపోతుంది. ఇక పైకి పోకుండా నూనె పట్టేస్తుంది. ఆ అంకెను స్టాల్ అంటాం. చాలామంది అది కన్వర్టర్ మీదే ఆధారపడుతుందనుకుంటారు. కాదు, ఇంజను ఎంత బలంగా నెడితే అంత పైకి పోతుంది. బలహీనంగా నెడితే అదే కన్వర్టర్ కిందనే పట్టేస్తుంది.

కామ్‌షాఫ్ట్ అనేది కోడిగుడ్డు ఆకారపు దిమ్మెలున్న కడ్డీ. ఇంజను గాలి పీల్చే వాల్వులు, పొగ వదిలే వాల్వులు ఎప్పుడు, ఎంతసేపు తెరుచుకోవాలో అది నిర్ణయిస్తుంది. పెద్ద కామ్ వేస్తే వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉంటాయి. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు అది లాభం. నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం పీల్చిన గాలిలో కొంత వెనక్కి పోతుంది, బలం ఉండదు. ఆ ఆగి ఆగి కొట్టుకునే శబ్దం అందువల్లే. వినడానికి ఎంత అందంగా ఉన్నా అది ఊపిరి అందని శబ్దం.

ఆ సాయంత్రమే స్టాల్ టెస్ట్ చేశాను. చక్రాలకు రాళ్ళు పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఎడమకాలు బ్రేకు మీద గట్టిగా ఉంచి, కుడికాలితో మూడే మూడు క్షణాలు తొక్కాను. అంతకు మించి తొక్కితే నూనె కాలిపోతుంది. ఈ జాతి బండికి నిమిషానికి రెండువేల రెండువందల చుట్లు రావాలి. మీటరు ముల్లు పదిహేడువందల యాభై దగ్గర ఆగి వణికింది. గేర్‌బాక్సులో ఏ దోషమూ లేదు. ఇంజను కింది బలం కామ్ తినేసింది, కన్వర్టర్ దాన్ని అక్కడే పట్టేసింది. ఆ కామ్‌కు బలం వచ్చేది మూడువేలు దాటాక. రెండింటికీ మధ్య పన్నెండువందల లోతు గుంట. పచ్చలైటు పడ్డాక బండి ఆ గుంటలో పడి, ఈదుకుంటూ పైకి వస్తోంది.

ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. సచ్చిపోకుండా ఐడిల్, అంటే కాలు పెట్టనప్పుడు ఇంజను తిరిగే వేగం, పెంచితే, బిగుతు కన్వర్టర్ వల్ల బండి నిలిచిన చోట నిలవక ముందుకు లాగుతుంది. బ్రేకు తేలిగ్గా పడాలంటే ఇంజను గాలి పీల్చే బలం, అంటే వ్యాక్యూమ్, కావాలి. పెద్ద కామ్ ఐడిల్‌లో అదీ ఇవ్వదు. పెడలు రాయిలా ఉంటుంది. యెమ్మిగనూరు నుంచి వచ్చేటప్పుడు ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా ఆమె ఎంత బలం పెట్టి తొక్కి ఉంటుందో నేనప్పుడు ఆలోచించలేదు.

ఆ కామ్ వేసింది ఖాజా భాయ్. ఆదోనిలో లేత్ షాపు, ఇంజను పనిలో ఆయనను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఆయనకు ఇంజను అంటే ముందు శబ్దం. పొద్దున్నే షాపు తెరిచి, వచ్చిన ప్రతి బండినీ ఒక నిమిషం కళ్ళు మూసుకుని వింటాడు. తర్వాతే పానా తీస్తాడు.

"భాయ్, ఆ కామ్ తీసెయ్యాల," అన్నాను పోయి.

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏసేపూ, ఆ కామ్ కోసం నేను ఎన్ని దినాలు తిరిగినానో తెల్సా నీకు? ఆ ఇంజను పాట పాడతాంది. నీ డబ్బాను వదులు చేసుకో. నా కామ్ జోలికి రావద్దు."

ఆయన మాట కూడా తప్పు కాదు. డ్రాగ్ బండ్లలో పెద్ద కామ్‌కు వదులు కన్వర్టర్ వేస్తారు, స్టాల్ ఎక్కడో పైన ఉండేట్టు. కానీ ఆ బండ్లు పందెం అయ్యాక ట్రక్కు ఎక్కి ఇంటికి పోతాయి. నాగవేణి ఇదే బండిలో ఆలూరు ఎండలో మూటలు వేసుకుని తిరుగుతుంది. మరీ వదులు చేస్తే నూనె ఎప్పుడూ జారుతూ, ఎప్పుడూ కాగుతూ ఉంటుంది. ఆరు నెలల్లో గేర్‌బాక్స్ నల్లగా మాడిపోతుంది.

మధ్యలో ఒక అంకె మనసులో పెట్టుకుని పని మొదలుపెట్టాను. కన్వర్టర్‌ను ఖాజా భాయ్ లేత్ మీదే ఎక్కించి, వెల్డింగు చుట్టూ కోసి, రెండు చిప్పలుగా తెరిచాను. లోపల ఫ్యాను రెక్కలు తామరాకుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. ఇంజను తిప్పే ఫ్యాను రెక్కల అంచులు ఒక్కొక్కటే, తిరిగే దిక్కుకు వెనక్కి, అంతా ఒకే కోణంలో వంచాలి. రెండు రోజులు అదే పని. ఖాజా భాయ్ తన పని చేసుకుంటున్నట్టే ఉండి, మధ్యమధ్యలో వచ్చి చూసి, "ఈ రెక్క ఎక్కువైంది," అని పోయేవాడు. నిజంగానే ఎక్కువయ్యేది. మళ్ళీ వెల్డింగు పెట్టి, గాలి నింపి నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూసి, లేత్ మీద తిప్పి వంకర తీసి, బండిలో బిగించాను. ముందు భాగంలో ఒక నూనె కూలరు కూడా పెట్టాను. స్టాల్ టెస్టులో ముల్లు రెండువేల ఆరువందలు చూపించింది. ఐడిల్‌లో ముందుకు లాగడం తగ్గింది. సంతోషమనిపించింది.

గోనెగండ్ల రోడ్డు పక్కన ఒక వెంచరు ఉంది. పెద్ద ఆర్చి, అరవై అడుగుల తారు రోడ్డు, రెండు పక్కలా తీగల్లేని దీపస్తంభాలు, పార్కులో సిమెంటు జింకలు. ఇళ్ళు ఒక్కటీ లేవు. ప్లాట్ల రాళ్ళ మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగింది. కాపలాదారు మా ఊరివాడే, గేటు తీసి మేకలను పక్కకు తోలాడు. తెల్లవారి, ఎండ ఇంకా పసుపు రంగులో ఉంది. ఎవరూ కాపురం రాని ఊళ్ళో, ఎక్కడికీ పోని రోడ్డు మీద ఆ నీలం కారు నిలబడి గుండె కొట్టుకుంటూ ఉంటే, ఇది నిజంగా జరుగుతోందా అనిపించింది నాకు.

ముందు నేను కూర్చున్నాను. ఎడమకాలు బ్రేకు మీద, కుడికాలితో ముల్లును రెండువేల మూడువందలకు తెచ్చి, బ్రేకు వదిలాను. సీటు నన్ను వీపు మీద తోసింది. జింకలు, స్తంభాలు ఒక్క గీతగా వెనక్కి పోయాయి. తిరిగి వచ్చి తాళాలు ఆమెకిచ్చాను.

ఆమె కూర్చుంది. ఈరన్న చేయి ఊపాడు. కారు ఒక క్షణం ఉన్నచోటనే ఉండి, దగ్గి, అప్పుడు లేచింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. నాలుగోసారి తిరిగి వచ్చినప్పుడు ఆమె ముఖం కడిగినట్టు చెమటపట్టి ఉంది.

"భయపడుతున్నావమ్మా నువ్వు," అన్నాను. "నేను నడిపితే పోయింది కదా. సగం తొక్కి ఆగుతున్నావు. గట్టిగా తొక్కాల."

ఆమె స్టీరింగు మీద చేతులు పెట్టి ముందుకు చూస్తూ కూర్చుంది.

ఈరన్న దీపస్తంభం గట్టు మీద నుంచి లేచి నా దగ్గరికి వచ్చాడు. ఆయన ఆ పది రోజుల్లో నాతో నాలుగు మాటలకంటే ఎక్కువ మాట్లాడలేదు.

"అప్పా," అన్నాడు మెల్లగా. "నువ్వు రెండు కాళ్ళతో తొక్కితివి. నేను చూస్తిని. ఆయమ్మికి ఆ కాలు బ్రేకు మీద నిలవదు. ఒక కాలే బ్రేకు ఇడిసిపెట్టి, దీని మీదికి రావాల. భయం గాదప్పా అది."

పదహారేళ్ళు గల్ఫ్‌లో, ఇరవై ఏళ్ళు ఇక్కడ, ఎన్ని వందల బండ్లకు స్టాల్ టెస్ట్ చేశానో. ఆమె కాలు చూశాను, ఆటోమేటిక్ ఎందుకు నడుపుతోందో విన్నాను, ఇవన్నీ తెలుసు. అయినా నా లెక్కంతా నా రెండు కాళ్ళ లెక్క. బ్రేకు మీద పట్టి, ముల్లును ముందే పైకి తెచ్చి, గుంట చాలావరకు దాటాక వదలడం నాకు ఎంత అలవాటంటే, అది నా కాలు చేస్తున్న పని అని కూడా మరిచిపోయాను. ఆమె బయలుదేరాల్సింది ఐడిల్ నుంచి, అంటే పదకొండువందల నుంచి. గుంట అడుగు నుంచి.

"తల్లీ, తప్పు నాది," అన్నాను కిటికీ దగ్గరికి పోయి.

"ఫర్వాలేదులే అన్నా," అంది. తర్వాత కొంచెం ఆగి, "నేనే సెప్పాల్సింది. ప్రతి దానికీ కాలు సంగతి సెప్పాలంటే నాకే ఇసుగు," అంది.

హ్యాండ్‌బ్రేకుతో ప్రయత్నించాం. ఎడమచేత్తో లీవరు పట్టి, ముల్లు ఎక్కించి వదలడం. పదహారువందలు దాటగానే వెనక చక్రాలు దాన్ని ఈడ్చుకుని పోయాయి, మాడిన వాసన వచ్చింది. "నాకు రెండు చేతులూ స్టీరింగు మీద కావాలన్నా," అంది ఆమె. అది సరైన మాట.

అప్పుడు నా ఎడమకాలు మడిచి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. కుడికాలు బ్రేకు మీద. తీసి, యాక్సిలరేటర్ మీదికి. పది రోజులుగా వింటున్న శబ్దమే, ఇప్పుడు వేరుగా వినిపించింది. కాలు అడుగుతోంది, ఇంజను వినడం లేదు. ఆ ఖాళీ క్షణం ఎంత పొడుగో లోపల కూర్చుంటేనే తెలుస్తుంది.

ఖాజా భాయ్‌కు ఫోన్ చేశాను. స్కూటరు మీద వచ్చాడు, మొహం ముడుచుకునే. "మళ్ళా నా కామ్ మీదికే వచ్చినావా," అన్నాడు.

"ఏమీ అననులే భాయ్. ఒకసారి కూర్చో. ఎడమకాలు మడుచుకో."

ఆయన నన్ను, తర్వాత నాగవేణిని చూశాడు. చెప్పులు విడిచి, కాలు మడిచి కూర్చున్నాడు. కారు పోయి, వచ్చింది. ఆయన దిగలేదు. ఇంజను తిరుగుతూనే ఉంది. ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నాడు, కానీ ఈసారి చాలాసేపు. మేకలు మళ్ళీ రోడ్డు మీదికి వచ్చాయి. చివరికి తాళం తిప్పి ఆపేశాడు. ఒక్కసారిగా వచ్చిన ఆ నిశ్శబ్దంలో గడ్డి కదిలే చప్పుడు వినిపించింది.

"బేటీ," అన్నాడు నాగవేణితో. "ఈ ఆవాజు నీకు ఇష్టమా?"

"మీరు సంతోషంగా ఏసినారని ఏమీ అనలేదు భాయ్. నాకు బండి కదిలితే చాలు."

ఆయన తల ఊపాడు. "పాత కామ్ నా దగ్గర నూనె గుడ్డలో సుట్టి పెట్టినా. పారెయ్యలేదు. దాన్నే బళ్ళారిలో మనిషితో కొంచెం సెక్కిస్తా. కంపెనీదాని కంటే ఎక్కువ, దీనికంటే తక్కువ. కింద ఊపిరి ఉంటాది." నా వైపు తిరిగి, "నీ డబ్బాను ముట్టొద్దు ఇప్పుడు," అన్నాడు.

వారం తర్వాత ఆ కామ్ వచ్చింది. ఆయన బిగించాడు, నేను పక్కన దీపం పట్టుకున్నాను. స్టార్టు చేస్తే ఇంజను మామూలు కారులా, చిన్న తొట్రుపాటుతో, మెత్తగా తిరిగింది. ఆయన ముఖం చూడలేకపోయాను. అన్ని దినాలు తిరిగి వెతికి తెచ్చిన పాటను తన చేత్తోనే ఆపేశాడు కదా.

స్టాల్ టెస్ట్ చేశాను. కన్వర్టర్‌ను నేను తాకనైనా లేదు. అదే డబ్బా, అవే రెక్కలు, అదే వెల్డింగు. ముల్లు రెండువేల ఆరువందల దగ్గరకు వచ్చి, ఆగకుండా, రెండువేల తొమ్మిదివందలకు పోయి నిలబడింది. పుస్తకం ప్రకారం అట్లాగే కావాలి. కింద బలం పెరిగితే స్టాల్ పెరుగుతుందని నేనే ఎంతమందికో చెప్పాను. అయినా కామ్ ఒక్కటి మారిస్తే, మూసి ఉన్న డబ్బా లోపల నూనె వేరే మనిషిలా నడుచుకుంది. ఈ కొత్త కామ్‌కు బలం రెండువేల రెండువందల నుంచే వస్తుంది. అంటే ఆమె కుడికాలు బ్రేకు మీద నుంచి యాక్సిలరేటర్ మీద పడగానే ఇంజను బలమున్న చోటికి ఎగిరి కూర్చుంటుంది. గుంట పూడిపోయింది.

ఐడిల్‌లో బ్రేకు పెడలు కూడా మెత్తబడింది. ఆమె మొదటిసారి దాన్ని తొక్కి, కాలు తీసి, మళ్ళీ తొక్కి చూసింది. "ఇంత తేలికా అన్నా బ్రేకంటే," అంది. ఆ ఒక్క మాటకు ఖాజా భాయ్ షెడ్డు బయటికి పోయి, ఎవరో పిలిచినట్టు, ఫోను చెవికి పెట్టుకున్నాడు.

వెంచరులో ఆరు రోజులు అభ్యాసం చేసింది. నేను పక్క సీట్లో కూర్చుని ఆమె కుడికాలు చూసేవాణ్ణి. బ్రేకు నుంచి ఆ కాలు మడమ ఆనించి తిరిగేది, ఎత్తేది కాదు. అది గమనించి యాక్సిలరేటర్ పెడలును బ్రేకుకు కొంచెం దగ్గరగా, అదే ఎత్తుకు తెచ్చాను. ఇనుప ముక్క ఒకటి వెల్డు చేయడం, అంతే.

పందెం రోజు నలుగురమూ ఆ కారులోనే పోయాం. విమానాలు దిగే ఆ పాత పట్టీ ఎండకు నీళ్ళు నిలిచినట్టు మెరుస్తోంది. దూరంగా నిలబడ్డ మనుషులు నేలకు ఆనకుండా తేలుతున్నట్టు ఉన్నారు. చుట్టూ మా బండికి నాలుగింతల బలమున్న బండ్లు, రంగు రంగుల స్టిక్కర్లు. ఒకతను మా కారు చూసి, "ఆటోమేటికా?" అని అడిగి, సమాధానం వినకుండా పోయాడు.

ఆమెకు వచ్చిన జోడీ ఒక ఎర్ర కారు. నడిపేది బెంగళూరు కుర్రాడు, క్లచ్ బండి. రెండూ గీత మీదికి వచ్చాయి. ఎర్ర కారు అరుస్తోంది. నీలం కారు చప్పుడు మాకు వినిపించనే లేదు. ఈరన్న కంచె తీగ పట్టుకుని నిలబడ్డాడు. పసుపు లైట్లు ఒకటొకటిగా కిందికి వచ్చాయి.

పచ్చ పడింది. నీలం కారు వెనక భాగం కొంచెం కుంగి, ముక్కు లేచి, వెళ్ళిపోయింది. అంతే. ఆగడం లేదు, దగ్గడం లేదు. ఎర్ర కారు చక్రాలు ఇంకా పొగ కక్కుతున్నాయి. ఆ మెరుపు నీళ్ళలోకి ముందు మా బండే దిగింది, ఒంటరిగా. నాకు ఆ దృశ్యానికి శబ్దం గుర్తులేదు. ఇప్పుడు తలచుకున్నా నీలం ఒక్కటే, నిశ్శబ్దంగా, ఎండలో కరిగిపోతూ కనిపిస్తుంది.

సగం దూరం తర్వాత ఎర్ర కారు దాటేసింది. చివరికి రెండు బండ్ల దూరంతో గెలిచింది. మా బండి అంత వేగమే పోగలదు. పందెం అక్కడితో అయిపోయింది.

ఆమె తిరిగి వచ్చి అద్దం దించింది. చేతిలో నిర్వాహకులు ఇచ్చిన కాగితం. అందులో మొదటి అరవై అడుగులకు ఎవరికి ఎంతసేపు పట్టిందో విడిగా ఉంటుంది. ఆమె అంకె తక్కువ.

ఈరన్నకు చదవడం రాదు. "ఏమాయె?" అన్నాడు.

"ఓడిపోతి నాయనా," అంది నవ్వుతూ. "అరవై అడుగుల దాకా మాత్రం వాడు నా ఎనకాలే."

ఈరన్న తల ఆడించి, కిటికీ లోంచి చేయి పెట్టి ఆమె కుడి మోకాలి మీద ఒకసారి తట్టాడు. ఖాజా భాయ్ ఆ కాగితం అడిగి తీసుకుని చాలాసేపు చూసి, మడిచి ఆమెకు ఇచ్చేశాడు.

ఆ ఏడాది నుంచి నా పని పద్ధతి మారింది. కామ్‌కు కన్వర్టర్ జత కుదరాలని మా ఉస్తాద్ నేర్పించాడు. మూడో జత ఒకటి ఉందని, అది సీటులో కూర్చుని ఉంటుందని నాకు తెలియడానికి ముప్పై ఆరేళ్ళు పట్టింది. అంతకు ముందు నా దగ్గరికి వచ్చి "బండి సరిగా లేదు" అన్నవాళ్ళలో ఎంతమందికి "నీకు నడపడం రాదు" అని చెప్పి పంపానో ఆలోచిస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇప్పుడు ఎవరు వచ్చినా ముందు పక్క సీట్లో కూర్చుని, ఒక మైలు వాళ్ళు నడపడం చూస్తాను. పానా తర్వాత.

నాగవేణి చెప్పిందని మనుషులు వస్తుంటారు. మొన్న హాలహర్వి నుంచి ఒకాయన వచ్చాడు. లారీ ప్రమాదంలో రెండు కాళ్ళూ పనిచేయకుండా పోయాయి. తమ్ముడు ఎత్తుకుని వచ్చి మంచం మీద కూర్చోబెట్టాడు. ఒక ఆటోమేటిక్ కారు కొన్నారు, చేత్తో నడిపేట్టు మార్చడం నాతో అవుతుందా అని ఆయన మొహమాటంగా అడిగాడు. తమ్ముడు నాకు కారు చూపించడానికి బానెట్ ఎత్తబోయాడు.

"అది ఉండనీలే అప్పా," అన్నాను. పెద్దాయన ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, "ముందు నీ చేతులు సాపు అన్నా, యాడిదాకా అందుతాయో చూస్తా," అన్నాను.